కంభం చెరువు పడవకు పూత

"పడవ అడుగంతా నాచు పట్టింది, ఒడ్డుకు లాగి పూత పెట్టు అంటే ఇనవు. ఆ నీళ్లల్లోనే పడి చావు!" అన్నాను నేను.

"నీళ్లల్లోనే గీకుతాలే, పోవే," అన్నాడు ఆయన, వీధిలోంచి, నవ్వుతూ.

మా ఇద్దరికీ అవే ఆఖరి మాటలు. మా ఆయన కంభం చెరువు లస్కరు, చెరువు కావలి. తూములు చూసుకోవడానికి సర్కారు వారిచ్చిన చిన్న తెరచాప పడవ ఉండేది. వారానికోసారి రైలెక్కి గిద్దలూరు ఇంటికి వచ్చి పోయేవాడు. ఆ వారం పడవ ఖాళీగా తూము దగ్గరికి కొట్టుకొచ్చింది. మర్నాడు ఆయన తేలాడు. ఆ రోజు వసారాలో ఉన్న మా అత్త నా మాట విన్నది, కొడుకు ఇచ్చిన బదులు వినలేదు. "నీ నోటికే నా కొడుకు దూకినాడు," అన్నది. ఆనాటి నుంచి నాతో మాట లేదు, నా చేతి కూడు ముట్టలేదు.

వేసంగిలో ఆ కొలువు మరిది నారయ్యకు ఇచ్చారు. పూత పెట్టందే పడవ ఎక్కనన్నాడు. ఆ పూత కాచడం ఇంట్లో నాకే తెలుసు, కాబట్టి నేను బయలుదేరాను. "నా కొడుకును మింగినదాన్ని నేనూ చూస్తా," అని అత్త కూడా మూట కట్టుకుంది. ఆమెకు చూపు సరిగా ఆనదు.

ముందు గిద్దలూరు బజారులో సరుకు చూశాను. తారు చవకే కానీ ఎండకు పగులుతుంది. మద్రాసు నుంచి వచ్చిన ఎర్ర రంగు డబ్బా ఒకటి ఉంది. అందులో రాగి చిలుము ఉంటుందట, ఆ విషానికి నాచు దరికి రాదట.

"సముద్రంలో పడవలకు దొరలు ఇదే పూస్తారమ్మా," అన్నాడు శెట్టి.

"సముద్రం నీళ్లు గొర్రెలు తాగవు శెట్టీ. మా చెరువు నీళ్లు తాగుతాయి," అని గుగ్గిలం, కానుగ నూనె, కాస్త సున్నం కట్టించుకున్నాను.

పొద్దున ఎనిమిది గంటల బండికి మూడో తరగతిలో ఎక్కాం. మీలో ఎవరైనా నూనెతో బండెక్కితే కుండ మూతికి పిండి మెత్తండి, కుదుపుకు ఒలుకుతుంది. ఎదురుగా కూర్చున్న గొర్రెల కాపరి ముక్కు మూసుకున్నాడు.

"ఏందక్కా ఆ వాసన?"

"పడవకు పూత."

"పడవా! మా ఊళ్లో తాగను నీళ్లు లేవు, నీకు పడవంట!" అని నవ్వి, "ఏ పడవ?" అన్నాడు. చెప్పాను. నవ్వు ఆగిపోయింది. "మధ్యాన్నం పూట మేం గొర్రెల్ని అటు తోలం అక్కా. పడవ కింద ఎవరో గీకుతున్నట్టు ఇనబడతాది," అని గొంగడి తీసుకుని అవతలి బల్ల మీదికి పోయాడు. అత్త కిటికీ వైపు తిరిగింది.

కంభంలో దిగి స్టేషను చూరు కింద ఎవరి మూట వాళ్లు విప్పుకుని జొన్నరొట్టె తిన్నాం. అక్కడి నుంచి ఎద్దుల బండి. చెరువు చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. గాలి లేదు. అంత నీటి మీద ఒక్క అల లేదు. నారయ్య అప్పటికే మనుషుల్ని పెట్టి పడవను ఒడ్డుకు లాగించి, రెండు తాటి మొద్దుల మీద బోర్లా పడుకోబెట్టాడు.

అతడు కట్టెలకు పోయాడు. నేను కొబ్బరి చిప్పతో నాచు గీకడం మొదలుపెట్టాను. నాచు వేలెడు పొడుగు, జుట్టులా వేలాడుతోంది. కాసేపటికి చేయి నొప్పెట్టి ఆపాను. గీకుడు చప్పుడు ఆగలేదు. అవతలి వైపు అత్త ఉందనుకుని చుట్టూ తిరిగి వెళ్లాను. ఆమె చేతులు ఖాళీ. చెక్కకు చెవి ఆనించి నిలబడింది.

"ఆపినావా?" అంది. ఆయన పోయాక నాతో అదే మొదటి మాట.

"ఆపినా అత్తా."

"ఇంకా ఇనబడతాంది."

ఆ చప్పుడు వెంటే ఆమె అరచేయి పడవ అడుగున తడుముకుంటూ పోయింది. వెనక భాగాన ఒకచోట ఆగింది. అక్కడ జానెడు మేర నాచు లేదు. ఇన్నాళ్లు నీళ్లలో నానినా ఒక్క పోగు మొలవలేదు. చెక్క మీద కత్తి గీతలు వరసగా, అన్నీ ఒకే పక్కకు ఏటవాలుగా ఉన్నాయి. చివరి గీత సగంలో ఆగిపోయింది.

అత్త గీతల్ని ఒక్కొక్కటే వేలితో తడిమింది. "ఎడమ చేతి వాటం. వాడిదే," అంది. ఆ సగం గీత మీదే వేలు ఉంచి, "దూకేవాడు గీకడు," అంది.

నారయ్య వచ్చాడు. గుగ్గిలం దంచి, నూనెలో కాచి, సున్నం కలిపాను. పీచు కట్టిన కర్రతో అడుగంతా పూశాను కానీ ఆ జానెడు చోటికి చేయి పోలేదు. ఆయన గుర్తు అదొక్కటే మిగిలింది.

"పూయి," అంది అత్త. "వదిలితే నీళ్లు అక్కడే పట్టుకుంటాయి. చిన్నోడు ఎక్కాల కదా." నేను కదలకపోతే కర్ర లాక్కుని తనే పూసింది. ఆఖరి గీత కప్పుకోగానే చప్పుడు ఆగింది. చప్పుడే వినలేదని నారయ్య ఈనాటికీ అంటాడు.

సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం. చెరువు వైపు నేను చూడలేదు. అత్త నా మూట తన ఒళ్లోకి తీసుకుని విప్పి, నా చేతి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది.

"వాడు నీకు ఏం బదులిచ్చినాడు?"

"నీళ్లల్లోనే గీకుతాలే, పోవే అన్నాడు."

"అట్లనే అంటాడు," అని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. గిద్దలూరు వచ్చేదాకా నా చేయి వదల్లేదు. ఆమెది ఆకురాయిలా గరుకు చేయి. కాళ్ల కింద బండి పలకల్లో మాత్రం ఏదో గీకుతున్నట్టే ఉండింది. చక్రాలే అయి ఉంటాయి.

ఇంతే తమ్ముడూ. నేను చెప్పగా నువ్వు రాసింది మొదటి నుంచి చదివి వినిపించు. అత్త గడప దగ్గర కూర్చుంది, కాస్త గట్టిగా చదువు. చప్పుడు ఆగిందన్న చోట మాత్రం నువ్వూ ఒక్క క్షణం ఆగు. మేమిద్దరం వింటాం.