చేపతల ముక్క కోసం సముద్రం దారి

పులుసులో చేపతల ముక్క కోసం మనిషి ఎంత దూరం వెళ్తాడని ఎవరైనా అడిగితే నన్ను చూపించండి. పదిహేను మైళ్లు సైకిలు తొక్కి, పట్టపగలు, ఇస్త్రీ ప్యాంటుతో, సైకిలుతో సహా చేపల వలలో పడ్డ గుమాస్తాను నేను. నెల్లూరు జిల్లా మొత్తానికి ఆ ఘనత నా ఒక్కడిదేనని ఆ సాయంత్రం నాలుగు గంటల వరకూ అనుకున్నాను కూడా.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలు. నేను నెల్లూరులో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాని. నా తోడల్లుడు దానియేలు అదే ఊళ్లో బడిపంతులు. మా అత్తగారి ఊరు ఇందుకూరుపేట దాటాక మైపాడు వైపు, వరిపొలాల మధ్య ఒక చిన్న పల్లె. నెలకో శనివారం ఆడవాళ్లు ముందుగా బస్సులో వెళ్తే, మేమిద్దరం సాయంత్రానికి చెరో సైకిలు మీద చేరేవాళ్లం. శనివారం చేపల పులుసు, ఆదివారం ఏసయ్య గుళ్లో ప్రార్థన, మధ్యాహ్నం మళ్లీ ఆ నిన్నటి పులుసే. నిన్నటి పులుసు రుచి తెలియనివాళ్లతో నాకు మాటలు అనవసరం.

చిక్కల్లా ఎక్కడంటే, ఆ పులుసులోకి చేపలు తెచ్చేది దానియేలు. నేను తిన్నగా కంకరరోడ్డున పోయేవాణ్ణి. అతను సముద్రం పక్కగా చుట్టు తిరిగి, హ్యాండిలుకు తాటాకు బుట్ట తగిలించుకుని దిగేవాడు. బుట్టలో చేపలు ఇంకా కొట్టుకుంటూ ఉండేవి. అత్తగారి మొహం వెలిగిపోయేది.

"ఎండనబడి సముద్రం దాకా పోయి తెచ్చినాడు బిడ్డ!" అంటూ తలముక్క అతని కంచంలో వేసేది. నాకేసి తిరిగి, "పెద్దబ్బాయా, మీకు తోకముక్క ఏస్తా ఉండా" అనేది, అదేదో పెద్దరికానికి ఇచ్చే మర్యాద అయినట్టు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకామె. నా సంగతీ అంతే. అత్త తలముక్క పెట్టనందుకు కాదు, తోడల్లుడు దాన్ని నా ఎదురుగా జుర్రుకుంటూ చీకినందుకు ఏడుపు. పైగా మా ఆవిడ మేరీ కూడా వాకిట్లో నిలబడి, "దానియేలు సైకిలు మీద వస్తా ఉంటే ఎంత ముచ్చటగా ఉండాదో! మీరు తొక్కతా ఉంటే సైకిలుకే ఆయాసం వచ్చినట్టుంటాది" అంది. సొంత పెళ్లాం అనాల్సిన మాటేనా అది? దాచడం దేనికి, నేను అసూయతో ఉడికిపోయాను. అతని బెల్లు మోగితే నా కడుపులో మండేది.

ఒకరోజు తేలిగ్గా అడుగుతున్నట్టు నటించి అడిగాను. "ఏ దారిన పోతావబ్బాయ్ నువ్వు?"

"ఏముందన్నా! పడవెక్కి కాలవ దాటితే సరుగుడు తోపులోనుంచి ఒకటే బాట. తోపు దాటినాక చేపలోళ్ల పల్లె వస్తాది. ఆడ మాత్రం కొంచెం చూసుకోని..."

"చాల్లే, సైకిలు తొక్కడం నువ్వు నాకు నేర్పాల్నా?" అన్నాను. ఆ మిగిలిన ముక్క వినుంటే ఇవాళ మీకు ఈ కథ ఉండేది కాదు.

మళ్లీ మా శనివారం రాగానే మిల్లులో కడుపునొప్పని చెప్పి పదకొండింటికే బయటపడ్డాను. దానియేలుకు మధ్యాహ్నం దాకా బడి. అతను వచ్చేసరికి నా చేపలు పులుసులో ఉడుకుతూ ఉండాలని నా పథకం. తెల్ల ప్యాంటు వేశాను, కొత్త కిర్రుచెప్పులు తొడిగాను. చేపలు తేవడానికి అంత ముస్తాబెందుకంటారా? తలముక్క తినేటప్పుడు దానికి తగ్గట్టు ఉండొద్దా?

దారి అద్భుతంగా ఉంది, అసూయపడేవాడికి కూడా నచ్చేటంతగా. అటూ ఇటూ వరి, గట్ల మీద కొంగలు, మైలుకొక మనిషి. కాలవ దాటించిన పడవాయన "యాడికి సామీ, పెళ్లికా?" అని అడిగితే మీసం దువ్వాను. తోపులో ఇసుక మీద సరుగుడాకు మందంగా రాలి, చక్రం దిగబడకుండా సాఫీగా పోయింది. ఈ సుఖమంతా ఇన్నాళ్లూ వాడొక్కడే అనుభవించాడా అని మరింత మండి, మరింత జోరుగా తొక్కాను.

తోపు దాటగానే గట్టినేల. దాని మీద ముదురు రంగులో ఏదో పరిచి ఉంది. చెట్ల నీడ అనుకున్నాను. దూరంగా నలుగురు ఆడవాళ్లు చేతులూపుతూ కేకలు పెట్టారు. నా వేగం చూసి మెచ్చుకుంటున్నారనుకుని ఒక చెయ్యి వదిలి నేనూ ఊపాను. అంతే, నీడ లేచి నన్ను పట్టుకుంది. నా సైకిలుకు చైనుకవరు లేదు. పెడలు తిరిగినకొద్దీ చైను వలను మింగింది, వల నన్ను మింగింది. రెండు పల్టీలు కొట్టి, మెడదాకా చుట్టుకుపోయి, వలకంటుకున్న నిన్నటి రొయ్యపొట్టు నోట్లో పడి ఆగాను.

వల సొంతదారు కోటమ్మ. నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చి నిలబడింది.

"చెప్పుల్తో వలెక్కినావే! మాకు అన్నం పెట్టే తల్లయ్యా అది!"

"కనపళ్లేదక్కా."

"ఇంత వల కనపళ్లా? అదో, ఆ సముద్రమన్నా కనపడతా ఉండాదా?"

"చిరిగినదానికి డబ్బిచ్చేస్తానక్కా."

"నీ డబ్బు రేపు వేటకి పోతదా? వల చించినోడు ముడేసి పోవాల. అదీ ఈడ కట్టుబాటు. కూర్చో!"

నా చేతికి వెదురు సూది, నూలు దారం ఇచ్చారు. మిల్లులో నా దస్తూరీ ముత్యాలకోవ అంటారు. ఇక్కడ మాత్రం నేను వేసిన ముడి చూసి కోటమ్మ, "దీన్లోనుంచి చేప కాదు, పడవే పోతాది" అని విప్పేసింది. అలా వేయడం, ఆమె విప్పడం, రెండు గంటలు ఎండలో సాగింది.

నాలుగింటికి ట్రింగ్ ట్రింగ్ మంది. దానియేలు! తోపు అంచునే దిగాడు. చెప్పులు విడిచి, సైకిలు భుజానికెత్తుకుని, వల చుట్టూ తిరిగి వచ్చాడు. నన్ను చూసి మొహం పాలిపోయింది. నన్ను చూసి జాలిపడ్డాడేమో అనుకున్నాను. కోటమ్మ "రాయ్యా దానియేలూ" అంటూ సూది ఇచ్చింది. అతను కూర్చుని, నా రెండు గంటల పనిని పది నిమిషాల్లో ముగించాడు.

"ఈ విద్య నీకెట్టా వచ్చింది?" అన్నాను.

అతను లేచి చెప్పులు వెతుక్కున్నాడు. కోటమ్మే నవ్వింది. "పోయినేడు ఈయన కూడా ఇట్నే వల్లో పడినాడు సామీ. మూడు శనివారాలు కూర్చోని నేర్చుకున్నాడు. ఇప్పుడు అల్లినప్పుడల్లా కూలికి రెండు చేపలిస్తాం."

ఆహా! నాకు ఒళ్లంతా చల్లబడింది. అదా సంగతి! అత్తగారి ముద్దుల అల్లుడు చేపలపల్లెలో వలకూలీ!

దారంతా దానియేలు బతిమాలాడు. "అన్నా, నీకు దణ్ణం పెడతా. అత్త దగ్గర మాత్రం చెప్పొద్దు."

"ఛ, నేనెందుకు చెప్తాను!" అన్నాను. పులుసు వడ్డించేదాకా ఆగి, అందరూ వినేలా మొత్తం చెప్పాను. పడ్డాడన్నాను, కూలికి కుదిరాడన్నాను, పంతులుద్యోగం పరువేం కావాలన్నాను. ఆ ఊపులో నేను చించిన వల సంగతి కూడా నోరు జారాను.

అత్తగారి గరిటె గాల్లో ఆగిపోయింది.

"నిజమేనా నాయనా?"

దానియేలు తల దించుకున్నాడు. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మాకింత చేప పెట్టాలని మండే ఇసకలో కూర్చోని వలలల్లినావా బిడ్డా! పంతులయ్యుండీ!"

రెండు చేపలు, రెండు తలలు. రెండూ అతని కంచంలోకే పోయాయి. మేరీ కూడా ముక్కు చీదింది. మామగారు మరునాడు గుళ్లో అందరి ముందూ లేచి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పారు. "మా పెద్దల్లుడు వల చించితే చిన్నల్లుడు కుట్టినాడు. దేవునికి స్తోత్రం!" అన్నారు. సంఘమంతా నావైపు తిరిగి స్తోత్రం చెప్పింది.

కాబట్టి చదువరులారా, ఆ గుళ్లోనే, అందరూ కళ్లు మూసుకున్న వేళ, ఘనంగా ఒక ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో నా తోడల్లుడి తప్పులు అత్తగారి ముందు ఎత్తను. చెప్పక తప్పకపోతే అతని గొప్పలే చెబుతాను. వాటివల్లనైనా అతని పరువు కాస్త తగ్గుతుందేమో!