గేటు బయట నాయన

నిన్న పొద్దున కొరియర్ అతను బెల్లు కొట్టగానే, మా అమ్మాయి వీధిలోంచి తెచ్చి సాకుతున్న కుక్క వాషింగ్ మెషిన్ వెనక దూరింది, ఎంత పిలిచినా రాలేదు. కుక్కన్నాక మొరగొద్దా, ఇది నీకు కాపలానా, నువ్వు దానికి కాపలానా అని నోరు చేసుకున్నాను.

"దాన్ని ఎవరో బాగా కొట్టారమ్మా, కొత్తవాళ్లంటే భయం. జర దాని బదులు నువ్వు మొరగకు," అంది అమ్మాయి. కొత్తగూడలో ఈ ఫ్లాటుకు వచ్చినప్పటి నుంచి మా ఇద్దరికీ ఇదే తగువు.

గోపన్‌పల్లిలో మా పుట్టింటికి కాపలా ఉన్న నల్లకుక్క ఇలాంటిది కాదు. మీ ఇళ్లలోనూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది: గేటు చప్పుడైతే చాలు, చుట్టమో పాలవాడో చూడకుండా మీదికి దూకేది. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో పనిచేసే మా నాయన డ్యూటీ దిగి వస్తుంటే మాత్రం, ఆయన చొక్కాకు పట్టిన ఘాటు వాసనను సందు మలుపులోనే పసిగట్టి, తోక ఊపుకుంటూ ఎదురెళ్లేది. అదే వాసనకు మేము ముక్కు మూసుకునేవాళ్లం. స్నానం చేస్తే గానీ నా పక్కన కూర్చోవద్దని నేనైతే ఆయనతో వాదన పెట్టుకునేదాన్ని.

ఊపిరి ఆడక దవాఖానలో చేరిన నాయన, చాలా వారాల తరువాత, మనిషి సగమై, గొంతు పోయి, ఉతికిన తెల్లబట్టల్లో తిరిగి వచ్చిన రోజు, ఆ కుక్క గేటు దగ్గర ఆయన మీదికే లేచింది. పేరు పెట్టి కేకేద్దామంటే ఆయనకు గొంతు లేవలేదు. గొలుసు వేసి కట్టేయమని నేను అరిచాను. నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కట్టెయ్యకుండ్రి," అన్నాడు గుసగుసగా. "కొత్తోడొస్తే రానియ్యొద్దని నేనే నేర్పిన. ఇగ నేనే కొత్తోడినైతే దాని తప్పేంది?"

నవ్వబోయాడు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. సొంత గేటు బయట, బండ మీద కూలబడ్డాడు. అప్పుడు మా అమ్మ లోపలికి పోయి, దవాఖానకు వెళ్లేనాడు ఆయన విప్పేసిన, ఉతకని డ్యూటీ చొక్కా తెచ్చి ఆయన భుజాల మీద కప్పింది. కుక్క మొరగడం ఆపింది. దగ్గరికి వచ్చి వాసన చూసి, ఆ చొక్కాలో మూతి పెట్టి మూలిగింది. ఏ కంపు ఆయన ఊపిరిని తినేసిందని మేము లోలోపల అనుకుంటున్నామో, ఆ కంపే ఆయనను ఇంట్లోకి తెచ్చింది. బతికి ఉన్న ఆ కొద్దిరోజులూ ఆయన ఆ చొక్కా విప్పలేదు, నేనూ విప్పమనలేదు.

ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, గేటూ లేదు, అక్కడంతా అపార్టుమెంట్లు. మా ఫ్లాట్ల గేటు దగ్గర ఫోనుకు వచ్చిన నంబరు చెబితే ఎవరికైనా అడ్డకర్ర లేస్తుంది. వచ్చింది ఎవరన్నది ఎవరికీ పట్టదు. నేను మాత్రం బయటి నుంచి వస్తే వెంటనే బెల్లు కొట్టను. తలుపు దగ్గర కాసేపు ఊరికే నిలబడతాను, లోపలున్న ఆ పిరికిదానికి నా వాసన అందేదాకా.