అన్ని పోతులూ ముసలివైన దుర్భిణి

మా లోయలోకి సైన్యాలు వచ్చిపోయాయి, సరిహద్దులు అటూ ఇటూ జరిగాయి, ఒక సామ్రాజ్యం కూడా కూలింది. వాటన్నిటి గురించీ పుస్తకాలున్నాయి. ఆల్బిన్ మ్లేకూజ్ ఆదివారం ప్రార్థన కాగానే చర్చి ఎదుటి హోటలు వరండాలోకి వచ్చి ఇతరుల దుర్భిణుల్లోకి తొంగిచూడటం ఏ సంవత్సరంలో ఆరంభమైందో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. చరిత్రకారులను నమ్ముకుంటే ఇంతే.

వేట సంఘం సభ్యులు ఆ వరండా కమ్మీ వెంట తమ పొడుగాటి ఒంటికంటి దుర్భిణులను ముక్కాలి స్టాండ్ల మీద నిలబెట్టి, ఎదురు కొండ మీది అడవి కొండమేకలను చూస్తూ తెల్ల వైన్ తాగుతారు. ఆల్బిన్ ఈ చివరి నుంచి ఆ చివరికి వస్తాడు. ఎవరినీ అడగడు. నడుం వంచి, ఏ రోగిష్టివాడు చూసి వదిలాడో అన్నట్టు అద్దాన్ని చొక్కా చేతితో తుడిచి, ఒక కన్ను మూసి, కాసేపు చూసి, లేచి తీర్పు చెబుతాడు. ఒకదానికి "చీకటి". ఇంకోదానికి "అంచులు వంకర". లోయలోకెల్లా ఖరీదైనది పొరుగింటి బోగ్దాన్‌ది. దాన్ని చూసినప్పుడల్లా మాత్రం జాలిగా, "దీనికి అంత పోశావా?" అంటాడు.

ఆయనకు సొంత దుర్భిణి లేదు. పింఛను వచ్చేదాకా కనుమ రోడ్డు మీద మంచు తోసే బండి నడిపిన ఆల్బిన్ జీవితంలో నమ్మిన సిద్ధాంతం ఒక్కటే. పొరుగువాడి దగ్గరున్న వస్తువును మళ్ళీ కొనడం బుద్ధితక్కువ. నిచ్చెన బోగ్దాన్‌ది. చెట్లు కోసే రంపం బోగ్దాన్‌ది. పెళ్ళినాడు తొడుక్కున్న నల్లకోటు బోగ్దాన్ వాళ్ళ అన్నయ్యది. దాని భుజాలు కుదరలేదని ఆల్బిన్ ఇప్పటికీ అంటూనే ఉంటాడు. తెచ్చుకున్నదానికి వంకపెట్టి తిరిగిచ్చేస్తే అది అరువు కాదనీ, పరీక్ష అనీ ఆయన అభిప్రాయం.

ఈ సుఖజీవనానికి గండి కొట్టింది ఎర్రచుక్క. మా దగ్గర వేటంటే కనబడ్డదాన్ని కాల్చడం కాదు. ఎవరు ఏ వయసు మేకను కొట్టాలో సంఘం ముందే పంచిపెడుతుంది. వసంతం రాగానే కిందటి వేటలో దొరికిన కొమ్ములన్నీ అగ్నిమాపక దళం హాల్లో గోడకు తగిలిస్తారు, కింద వేటగాడి పేరు రాస్తారు. కమిటీవాళ్ళు కొమ్ము మీది వలయాలు లెక్కపెడతారు, మేక వయసు తప్పితే ఆ పేరు పక్కన నాణెమంత ఎర్రచుక్క అంటిస్తారు. ఊరు ఊరంతా పిల్లాపాపలతో వచ్చి చూస్తుంది. పెళ్ళి పెటాకులైనా మావాళ్ళు మరిచిపోతారు గానీ ఎర్రచుక్కను మరవరు.

నిరుడు ఆల్బిన్‌కు ఇచ్చింది పదేళ్ళు దాటిన ముసలి పోతు. ఆయన కొట్టింది లోకం చూడని కుర్ర పోతు. అరువు తెచ్చుకున్న బైనాక్యులర్‌లో అది ముసలిదానిలాగే కనిపించిందని ఆయన వాదించాడు. ఆ పొద్దున దాని ముఖం నీరసంగా ఉందట.

సంఘం పెద్ద ఫ్లోర్యాన్ ఒకప్పుడు బళ్ళో లెక్కల మాస్టారు. చుక్క స్వయంగా అంటించి, జేబురుమాలుతో వేళ్ళు తుడుచుకుంటూ ఆల్బిన్‌ను పక్కకు పిలిచాడు.

"ఈ ఏడాది కూడా నీకు ముసలి పోతే ఇస్తున్నాం. రెండో చుక్క పడిందా, ఇక కొండమేక మాట మరిచిపో. బోగ్దాన్ నీ వెంట వస్తాడు. ముందు వెళ్ళి ఒక దుర్భిణి కొనుక్కో."

బళ్ళో తనకు ఒక్కసారీ సరైన మార్కు వేయని మనిషి కొమ్ములకు మార్కులు వేయడమేమిటని ఆల్బిన్ లోలోపల ఈసడించుకున్నాడు. కానీ ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. కొండమేక పోతే వరండా కూడా పోయినట్టే. వేట లేనివాణ్ణి అక్కడ ఎవడూ దుర్భిణి ముట్టుకోనివ్వడు. ఆదివారాలు ఇంట్లో కూర్చుని భార్య మిల్కా పెట్టే మొక్కజొన్న సంకటికి వంకలు వెతుక్కోవాలి. మిల్కా వంకలు పెట్టనిచ్చే మనిషి కాదు.

మిల్కా మూడొందల యూరోలు బల్ల మీద పెట్టింది. "ఇంతే. ఇంతకు మించిందా, కొనుక్కున్న ఆ వస్తువుతోపాటు నువ్వు కూడా కొండ మీదే ఉండిపో, మహానుభావా."

బోగ్దాన్ అడగకుండానే సలహా ఇచ్చాడు. ఆ సొమ్ముకు కొత్తవన్నీ డబ్బాలేననీ, ఎవరో వాడి అమ్మేసిన పాతదైనా మంచి అద్దం ఉన్నది చూసుకోమనీ, ముప్పై రెట్లు పెద్దగా చూపిస్తే చాలనీ, మిగిలింది గట్టి స్టాండ్‌కు పెట్టమనీ అన్నాడు. ఆల్బిన్ నోట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బోగ్దాన్‌ది అరవై రెట్లు చూపిస్తుంది. తాను అరవైలో కూర్చుని ఎదుటివాణ్ణి ముప్పైలో ఉంచాలని చూసే అసూయకు ఏం బదులిస్తాం?

టోల్మిన్ పట్నంలో దుకాణం అమ్మాయి రెండు తీసి చూపించింది. ఒకటి బోగ్దాన్ చెప్పినటువంటిదే. ముప్పై రెట్లు, పాతది, రబ్బరు తొడుగు గీరుకుపోయి ఉంది. రెండోది ఫిరంగి అంత నల్లటిది, కొత్తది, దాని నడుం మీద బంగారు రంగులో డెబ్బై ఐదు అని రాసుంది. ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళ దుర్భిణుల మీద సంపాదించిన పాండిత్యమంతా ఆల్బిన్ అక్కడ ప్రయోగించాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో వీధికి అవతలి మందుల షాపు బోర్డు మీద ఈగ కూడా కనిపించింది.

"ఎండలో అన్నీ బాగానే కనిపిస్తాయి బాబాయ్ గారూ," అంది అమ్మాయి. "వేటకంటే వెలుతురు తగ్గాక చూసి కొనాలి. సాయంత్రం ఒకసారి రండి."

"సాయంత్రం బస్సుండదు," అన్నాడు ఆల్బిన్. డెబ్బై ఐదు కొన్నాడు.

స్టాండ్‌కు డబ్బు మిగల్లేదు. పెరట్లో చిక్కుడు తీగలకు పాతిన కర్రలు మూడు పీకి, పాత సైకిల్ ట్యూబుతో మెడ దగ్గర బిగించి కట్టాడు. ఆ ఏడు మిల్కా చిక్కుళ్ళు నేల మీదే పాకాయి.

అక్టోబరులో తెల్లవారుతుండగా ఇద్దరూ రాతిగట్టు మీదికి చేరారు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఆల్బిన్ ఫిరంగిని కర్రల మీదికి ఎక్కించి, మిల్కా డబ్బు వృథా కాకూడదని మీటను నేరుగా డెబ్బై ఐదుకు తిప్పాడు. ఆయన గుండె కొట్టుకుంటే ఎదురు కొండ కూడా కొట్టుకుంది. ఊపిరి బిగబట్టాక కొండ నిలిచింది. మేకలు కనిపించాయి.

కుర్ర మేకకు బుగ్గ మీద నల్లచార కాటుకతో గీసినట్టుంటుంది. వయసు మీదపడే కొద్దీ ఆ చార వెలిసిపోయి ముఖం మసకబారుతుంది. ఇది మా పిల్లలకు కూడా తెలుసు. ఆల్బిన్ మొదటి మేక ముఖం చూశాడు. మసక. ముసలిది, సందేహం లేదు. చేయి తుపాకీ మీదికి పోయింది. కానీ నిరుటి చుక్క గుర్తొచ్చి, ఎందుకైనా మంచిదని రెండోదాన్ని చూశాడు. అదీ మసకే. మూడోదీ ముసలిదే. మూడోదాని పొట్ట కింద దూరి పాలు తాగుతున్న పిల్ల కూడా ముసలిదే.

ఆల్బిన్ జీవితంలో సొంత వస్తువు మీద అనుమానం రావడం అదే మొదటిసారి. అంతకుముందు సొంత వస్తువులు లేవు మరి.

పక్కన బోగ్దాన్ రొట్టె మీద పంది కొవ్వు ముక్క పెట్టుకుని చాకుతో కోసుకు తింటున్నాడు. అతని దుర్భిణి చేయి చాస్తే అందేంత దూరంలో ఉంది. ఇన్నేళ్ళు అడక్కుండా తల దూర్చిన ఆ వస్తువు ముందు ఆల్బిన్‌కు ఆ రోజు తల వంగలేదు. దగ్గాడు. టోపీ సర్దుకున్నాడు.

"బోగ్దాన్."

"ఊఁ."

"ఆ పాలు తాగే పిల్లకు ఎన్నేళ్ళుంటాయంటావు?"

బోగ్దాన్ నమలడం ఆపాడు. "మొన్న వసంతంలో పుట్టింది రా అది."

"నా దాంట్లో పన్నెండు కనిపిస్తున్నాయి."

బోగ్దాన్ నవ్వలేదు. చాకు మడిచి జేబులో పెట్టుకుని, తన దుర్భిణి కంటి అద్దాన్ని చొక్కా చేతితో నెమ్మదిగా తుడిచి, స్టాండ్‌ను ఇటు తిప్పాడు.

"చూసుకో. కాస్త చీకటిగా ఉంటుంది, సర్దుకుపో."

ఆల్బిన్ వంగాడు. మొదటి మేక బుగ్గ మీద చార ఇప్పుడే గీసినంత నల్లగా ఉంది. కుర్ర పోతు, అచ్చం నిరుటిదానికి తమ్ముడు. రెండోది ఆడది. వాటికి చాలా పైన, పొట్టి పైన్ పొదల పక్కన, ఒంటరిగా ఇంకొకటి నిలబడి ఉంది. డెబ్బై ఐదులో అది అసలు కనిపించనే లేదు. నడుం జారింది, ముఖం బూడిద రంగుకు తిరిగింది, కొమ్ములు బొటనవేలంత లావున్నాయి. ఆల్బిన్ చాలాసేపు చూశాడు. బోగ్దాన్ కూడా వంగి చూసి తలూపాడు.

తుపాకీ ఒకే ఒక్కసారి మోగింది.

పోతు దగ్గరికి ఎక్కాక బోగ్దాన్ పైన్ రెమ్మ విరిచి, మా ఆచారం ప్రకారం దాని నోట్లో ఆఖరి మేత పెట్టాడు. ఇంకో రెమ్మను రక్తంలో అద్ది, తన టోపీ మీద పెట్టి ఆల్బిన్‌కు అందించి, చేయి కలిపాడు. అది గంభీరమైన ఘడియ. వేటగాడు ఒక మంచి మాట అనాలి.

"నీ దాంట్లో అంచులు మాత్రం వంకరే," అన్నాడు ఆల్బిన్.

వసంతంలో కమిటీ ఆ కొమ్ముల మీద పదమూడు వలయాలు లెక్కపెట్టింది. చుక్క పడలేదు. ఆల్బిన్ ప్రదర్శన మూసేదాకా కొమ్ముల కిందే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ డెబ్బై ఐదు రెట్ల గొప్పతనం వివరించాడు. ఫ్లోర్యాన్ మాస్టారితో, తక్కువ డబ్బులో దుర్భిణి ఎంచుకోవడం ఒక విద్య అనీ, అది అందరికీ అబ్బదనీ అన్నాడు. రెండడుగుల దూరంలో ఉన్న బోగ్దాన్ తన వైన్ తాను తాగుతున్నాడు. మరుసటి ఆదివారం నుంచి ఆల్బిన్ మళ్ళీ వరండాలో ఉన్నాడు. బోగ్దాన్ దుర్భిణి దగ్గర మాత్రం ఇప్పుడు కాస్త ఎక్కువసేపు ఉంటాడు.

ఆయన సొంతది వంటింటి కిటికీలో చిక్కుడు కర్రల మీదే ఉంది. చర్చి గడియారం వైపు గురిపెట్టి ఉంచాడు. ఇంటికి వచ్చినవాళ్ళందరినీ అందులోంచి టైము చూడమంటాడు. చర్చి వాళ్ళింటికి ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కనే ఉంది.