సముద్రానికి కాపలా కాసిన పిన్ని

పిన్ని పోయింది. ఇలా రాసి మళ్ళీ చదువుకుంటే, ఎవరి పిన్ని గురించో రాసినట్టుంది. గురువారం ఫోన్‌లో నన్ను తిట్టిన మనిషి శనివారానికి లేదంటే ఎలా నమ్మేది? "మీ అమ్మ వస్తోంది. ఇక్కడి పెరుగు పెరుగులా ఉండదు, నీ దగ్గర్నుంచి తోడు పట్రా. మర్చిపోయావో, గుమ్మంలోంచే మీ ఫ్రీమాంట్‌కి వెనక్కి పంపిస్తా" అంది. శనివారం పొద్దున ఆవిడ క్లినిక్‌లో నర్సు ఫోన్ చేసింది. పిన్ని ఒక పేషెంట్‌ని చూసి పంపించి, తర్వాతివాళ్ళని పిలవమని చెప్పి, కుర్చీలో వెనక్కి వాలిపోయిందట. గుండె ఆగిపోయింది. మాకెవరికీ ఆవిడ తుమ్మినట్టు కూడా గుర్తు లేదు.

నాకు ఏడుపు రాలేదు. బుర్రలో ఒకటే తిరుగుతోంది: అమ్మ అప్పటికే బొంబాయిలో విమానం ఎక్కేసింది. దారిలో ఎక్కడా అందుకునే వీల్లేదు. ఆదివారం సాయంత్రం పోర్ట్‌లాండ్‌లో, చెల్లెలు ఎదురొస్తుందనుకుంటూ దిగుతుంది. ఈ కబురు నేను చెప్పాలి.

పిన్నిది పోర్ట్‌లాండ్ ఉన్న ఒరెగాన్‌లోనే, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆ ఊరికి డాక్టరు కావాలంటే వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. పెళ్ళి మాటెత్తితే "తీరిక లేదు" అనేది. డెబ్భై ఏడులో నేను పెళ్ళయి ఫ్రీమాంట్ వచ్చినప్పట్నుంచీ ప్రతి వేసవికీ అంత దూరమూ డ్రైవ్ చేసుకుని వెళ్ళేవాళ్ళం. ఒక పక్క ఇసుక కొండలు, వాటి మధ్య సరస్సులు, ఇంకో పక్క అడవి, అది దాటితే సముద్రం. వెళ్ళినవాళ్ళకి కాలు మీద కాలేసుకుని కూర్చునే యోగం ఉండేది కాదు. ఆటుపోట్ల వేళలు పేపర్లోంచి కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించేది. అందరూ పంచాంగం చూసి ప్రయాణాలు పెట్టుకుంటే, ఆ ఇంట్లో మేం ఆ కాయితం చూసి అన్నం వండేవాళ్ళం. "ఒంటిగంటకి నీళ్ళు వెనక్కి పోతాయి. పన్నెండుకల్లా తినేయండి. కబుర్లు కార్లో చెప్పుకోవచ్చు."

అడవి దారిలో తనే ముందు నడిచేది. వెనకాల మా ఆయన ఆఫీస్ సంగతులు మొదలుపెడితే ఆగి, "వాటిని పార్కింగ్‌లో వదిలి రమ్మన్నానా లేదా?" అనేది. "కోపమొస్తే సరస్సు దగ్గరికి పో, ఏడుపొస్తే సముద్రం దగ్గరికి పో. తారుమారు చేయకు" అని నాకు ఎన్నోసార్లు చెప్పింది. ఎందుకని అడిగితే, "కోపంలో ఉన్నవాళ్ళు అలల్ని సరిగ్గా చూడరే" అంది.

అమ్మ మొదటిసారి వచ్చింది డెబ్భై తొమ్మిదిలో. అక్కచెల్లెళ్ళిద్దరూ బాపట్ల వైపు సముద్రం దగ్గర పెరిగినవాళ్ళు. అక్కడ సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు, సముద్రానికి ఎదురుగా నిలబడి అర్ఘ్యం ఇస్తే సరిపోతుంది. అదే అలవాటుతో అమ్మ తెల్లారగట్ల రాగి చెంబు పట్టుకుని బీచ్‌కి బయల్దేరింది. ఇక్కడ సముద్రం పడమట ఉంది, సూర్యుడు కొండల వెనకనుంచి వస్తాడు. అమ్మ మడమలు మునిగేదాకా నీళ్ళలోకి వెళ్ళి, శుభ్రంగా సముద్రానికి వీపు పెట్టి, కొండల వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. మీరెవరైనా ఆ తీరానికి వెళితే ఈ పని మాత్రం చేయకండి. అలవాటు కొద్దీ మనవాళ్ళే చేస్తారు.

నేను ఒడ్డున కాఫీ ఫ్లాస్కుతో నిలబడ్డాను. పిన్ని నా పక్కనుంచి పరుగెత్తింది. అమ్మ రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది. ఇద్దరూ పొడి ఇసుకలో పడ్డారో లేదో, అమ్మ నిలబడ్డ చోటికి ఒక పెద్ద అల, మనిషంత దుంగని దొర్లించుకుంటూ వచ్చింది. చెంబు పోయింది.

"మంత్రం మధ్యలో లాగుతావేమే, బుద్ధుందా?" అంది అమ్మ రొప్పుతూ.

"నువ్వు నీళ్ళు వదలకపోయినా సూర్యుడొస్తాడక్కా. నువ్వు కొట్టుకుపోతే నాకు అక్క ఎక్కణ్ణుంచి వస్తుంది?"

మర్నాడు అమ్మ స్టీలు గ్లాసుతో బయల్దేరింది, మొండిఘటం. పిన్నికి పూజల మీద నమ్మకం లేదు, పొద్దున్నే లేవడం అసలే పడదు. అయినా కోటు తగిలించుకుని వెంట నడిచింది. "నువ్వు సూర్యుణ్ణి చూసుకో, దీని సంగతి నేను చూసుకుంటా" అని, అమ్మ వీపుకి తన వీపు ఆనించి సముద్రం వైపు నిలబడింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ రోజూ అంతే, మబ్బు పట్టి సూర్యుడు కనబడని రోజుల్లో కూడా. అమ్మ మంత్రం ఎంత సాగదీసినా తొందరపెట్టలేదు. అంత నోరున్న మనిషి ఆ కాసేపూ కిక్కురుమనేది కాదు. ఇంటికొచ్చాక మాత్రం, ఇసుక లోపలికి తెచ్చామని అమ్మనీ నన్నూ కలిపి తిట్టేది.

ఆదివారం పోర్ట్‌లాండ్ ఎయిర్‌పోర్ట్‌లో, గేటు దగ్గర నిలబడి మాటలు పేర్చుకున్నాను. ఒంట్లో బాగాలేదని మొదలుపెట్టనా? ఆస్పత్రిలో ఉందని కారెక్కాక చెప్పనా? మనవాళ్ళు చావు కబురు అలాగే చెబుతారు, కొంచెం కొంచెంగా. పిన్నికి అది గిట్టేది కాదు. పేషెంట్ల ఇళ్ళలో ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందో పాపం, "నిజం ఒక్కసారే చెప్పాలి, పక్కన కూర్చుని చెప్పాలి" అనేది.

అమ్మ వచ్చింది. నడి జులైలో, మెడదాకా గుండీలు పెట్టుకున్న ఊలు స్వెటర్‌తో. వేసవిలోనూ వదలని ఆ తీరం చలికని పిన్ని కిందటేడు పంపించిన ఎర్ర స్వెటర్ అది. మొహమంతా చెమట. నన్ను చూసి నవ్వి, నా వెనక వెతికింది.

"అదేదే? కార్ పార్క్ చేస్తోందా? ఇది బొంబాయిలోనే వేసుకున్నానే. వేసుకోకుండా దిగితే అందరి ముందూ తిడుతుంది."

కుర్చీలో కూర్చోబెట్టాను. పక్కన కూర్చుని చెప్పాను.

అమ్మ ఏడవలేదు. "పెద్దదాన్ని నేను కదే" అంది. ఉక్కపోస్తోంది, స్వెటర్ విప్పమ్మా అని పై గుండీ తీశాను. నా చెయ్యి తోసేసింది. జనం సూట్‌కేసులు లాక్కుంటూ మా ముందునుంచి వెళ్ళిపోతుంటే, అమ్మ ఆ గుండీ పట్టుకుని, అది కాజాలో దూరక, మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటూ కూర్చుంది.