వదులుగా ఆనించిన పలక

మా అన్న కూతురు షణ్ముగప్రియ పీలమేడులో ఒక కాలేజీలో పరిశోధన చేస్తుంది. ఏం పరిశోధన అని గాంధీపురంలోని నా పంపుల కొట్టుకు వచ్చేవాళ్ళు అడిగితే, "ఏవో అయస్కాంతాలు" అని తప్పించుకునేవాణ్ణి. ఒకరోజు పట్టుబట్టి చెప్పించుకున్నాను.

కాగితంకన్నా పలుచని స్ఫటికం పలకలో పరమాణువులు ముక్కోణాలుగా కూర్చుంటాయట. ఒక్కొక్కటీ చిన్న అయస్కాంతం. ప్రతిదానికీ పక్కదానికి ఎదురు తిరగాలని పంతం. ఇద్దరు ఎదురు తిరిగాక మూడోవాడు ఎవరికి ఎదురు తిరగాలి? మా అన్నదమ్ముల పంపకాల్లో ఆ మూడోవాణ్ణి నేనే కాబట్టి వెంటనే బోధపడింది. ఎంత చల్లబరిచినా ఈ తగువు తెగదని, అయస్కాంతాలు ఎటూ తేల్చుకోకుండా కదులుతూనే ఉంటాయని పిల్ల నమ్మకం. థీసిస్ మొత్తం దానిమీదే కట్టింది.

చివరి ప్రయోగంలో కొంప మునిగింది. చల్లబడగానే ముక్కోణం ఒకవైపు కాస్త సాగింది. భుజాలు సమానంగా లేకపోయేసరికి తగువు తెగి, అయస్కాంతాలు బుద్ధిగా వరుసలో నిలిచిపోయాయి. పలకను రాగి దిమ్మెకు గట్టి జిగురుతో అతికించారు. చలికి రాగి ఒక తీరున, పలక ఒక తీరున కుంచించుకుంటాయి కాబట్టి, ఆ లాగుడే కారణం కావచ్చన్నారు గైడు రత్నసభాపతి. "జిగురు వల్లేనని రాసి ముగించమ్మా" అని కూడా అన్నారు. మంచి మనిషి, పిల్ల అలసట చూసి అన్న మాట అది.

ప్రియకు తిండి సయించలేదు. మంచి పలక అదొక్కటే. విరిగితే అంతే సంగతులు. అయినా ఊపిరి బిగబట్టి జిగురు వదిలించి, గ్రీజు చుక్కమీద వదులుగా ఆనించి, మళ్ళీ చల్లబరిచింది. ఈసారి లాగేవాళ్ళు ఎవరూ లేరు. ముక్కోణం అలాగే సాగింది.

ఆ సాయంత్రం మా ఇంటినుంచే గైడుకు ఫోన్ చేసింది.

"సార్, తప్పు జిగురుది కాదు. పలకే అట్ల సాగతా ఉండాది."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయి ఏడ్చింది.

"ఆయనే జిగురని రాయమన్నాడే. ఎవురు అడిగిరని మళ్ళా చూస్తివి?" అన్నాను.

పైటతో ముఖం తుడుచుకుంది. "అది ఏం చేస్తాదో తెలుసుకోవాలనే గదా ఇన్నేండ్లు పోతిని చిన్నాయన. నాకు నచ్చింది చెయ్యలేదని చూడకుండా ఉండేదా?" అని, మళ్ళీ ఏడ్చింది.