ఆయన డప్పు, నా పిల్లనగ్రోవి

మా ఇంట్లో పాట దగ్గర ఏనాడూ సంధి కుదరలేదు. ఆయనకు డప్పు దరువు కావాలి, నాకు పిల్లనగ్రోవి కావాలి. మాది కోడుమూరు పక్క పల్లె. ఆయన కంకర క్వారీలో డ్రిల్లింగ్ మిషన్ పట్టేవాడు. పొద్దుగూకాక ఇంటికి రాగానే, ఒంటిమీది దుమ్మైనా దులుపుకోకుండా స్పీకరు పెట్టేవాడు.

"అది పాటనా, కల్లంలో కొట్లాటనా?" అనేదాన్ని.

"నీ పాటకు మేకలు గూడా నిద్రపోతాయి," అనేవాడు.

పెళ్లయిన కొత్తలో ఈ కయ్యం నాకు ఇష్టంగానే ఉండేది. నోటితో ఎంత వెక్కిరించినా, నా పాట వస్తుంటే ఆయన కాలి బొటనవేలు కదులుతూనే ఉండేది.

ఆ వేలు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. స్పీకరు మోత మాత్రం ఏటికేడు పెరిగింది. "మీ ఇంట్లో దినామూ పెండ్లేనా?" అని పక్కింటి సాయిబుల అవ్వ గోడ మీంచి అడిగింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదులే అని నవ్వాను. ఆ సామెత నా నోట రాకుండా ఉంటే బాగుండేది.

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం ఆయన మంచి హుషారులో ఉన్నాడు. "ఈ పొద్దు నీ పాటే పెట్టుకో," అన్నాడు. నేను ఆశగా పెట్టాను. అందులో మొదట పిల్లనగ్రోవి ఒక్కటే సాగుతుంది. తబలా చాలాసేపటికి గానీ రాదు. కళ్లు మూసుకుని వింటున్నాను.

"ఏమే, పెట్టుకోమంటే పెట్టుకోవేమి?" అన్నాడు జొన్నరొట్టె తుంచుకుంటూ.

స్పీకరు ఆయన పక్కనే మోగుతోంది. ఇంకా పెంచాను. ఆయన తలెత్తలేదు. తబలా పడగానే మాత్రం, "ఆ, ఇప్పుడు పెట్టినావు," అన్నాడు. నేను స్పీకరు ఆపేశాను.

క్వారీలో బండలు పగలగొట్టే తూటాలు పేల్చేముందు మేస్త్రీ మూడుసార్లు ఈల ఊదుతాడు. అది వినగానే అందరూ పని వదిలి దూరంగా పరిగెత్తాలి. ఆ ఈల కూడా సన్నటి చప్పుడే.

దగ్గరికి జరిగి, "నీకు ఈల ఇనపడతాందా?" అని గట్టిగా అడిగాను.

ఆయన రొట్టె పక్కన పెట్టేశాడు. "అందరూ పరిగెత్తితే నేనూ పరిగెత్తుతా. ఎవురికీ చెప్పొద్దు, పనిలోంచి తీసేస్తారు," అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "రేపట్నుంచి పై గుంతలో నేనొక్కన్నే," అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం సద్ది ఇచ్చే నెపంతో క్వారీకి పోయాను. ఆయన తిట్టినా సరే, మేస్త్రీకి చెప్పేయాలనే పోయాను. నేను గేటు దాటుతుండగానే ఈల మొదలైంది. కింది గుంతలో వాళ్లంతా పరుగు తీశారు. పై గుంతలో ఆయన మిషన్ ఆపి, మాకు వీపు పెట్టి కూర్చుని దానికి గ్రీజు పూస్తున్నాడు. ఇంకోసారి ఈల వినిపించింది. ఆయన కదల్లేదు.

"ఆపప్పా మేస్త్రీ! మా ఇంటాయనకు ఇనపడదు!" అని అరిచాను. మేస్త్రీ విన్నాడో లేదో చూడలేదు. సద్దిగిన్నె పారేసి, రాళ్లమీద పడుతూ లేస్తూ పైకెక్కి ఆయన చొక్కా పట్టుకుని లాగాను.

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. నన్ను చూసి ముఖం పాలిపోయింది. రెండు చేతులతో నన్ను వెనక్కి తోస్తూ అరిచాడు.

"ఈడికెందుకొచ్చినావే? ఈల ఊదే యాళయింది, పో!"