మా గుమ్మడి పువ్వు పెళ్ళి

మా చిన్నప్పుడు... వర్క్‌షాపు కూత వినపడకముందే మా అమ్మ బుట్ట పట్టుకుని గుమ్మడిపాదు దగ్గర నిలబడి ఉండేది. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టరు. వెనక వాకిట్లో నాటిన పాదు బొగ్గులగది గోడ పట్టుకుని ఇంటికప్పు రేకుల మీదికి పాకేది. తెల్లారేసరికి దానినిండా పసుప్పచ్చ పువ్వులు...

పిందె ఉన్న పువ్వుల జోలికి అమ్మ వెళ్ళేది కాదు. పిందె లేనివన్నీ తుంచేసేది. వాటిని 'గొడ్డు పువ్వులు' అనేది. కాయ కాయని పువ్వు పాదుకి బరువెందుకని ఆవిడ లెక్క. ఆ పువ్వులన్నీ పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడకి వెళ్ళేవి. ఆవిడని మేం మాషీ అని పిలిచేవాళ్ళం, అంటే పిన్ని. మాషీ వాటిని పిండిలో ముంచి ఆవనూనెలో వేయించి, సగం మాకే పంపేది. శ్రీకాకుళం నుంచి వెళ్ళిన మేము పువ్వులు తినడం అక్కడే నేర్చుకున్నాం. ఆ వేడి వేడి భాజా కోసం నేను నాన్న కంటే ముందే లేచేదాన్ని.

కానీ మా పాదుకి కాయ మాత్రం నిలిచేది కాదు. పిందె ఒకటి రెండు రోజులు మురిపించి, పసుపెక్కి రాలిపోయేది. దిష్టి అనేది అమ్మ. ఇంజన్ల నుసి అనేవాడు నాన్న. అయినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు... ఊరినుంచి ఎవరు రైలెక్కినా, అమ్మమ్మ వాళ్ళచేత ఒక గుమ్మడికాయ, బూడిద పట్టించిన గుప్పెడు గింజలు పంపేది మరి. కూజాలా మెడ సాగి, బూడిదరంగు మచ్చలున్న కాయ. అలాంటిది మా బజార్లో ఎక్కడా దొరికేది కాదు.

ఒక ఏడు అమ్మమ్మ పోయింది. ఆవిడ పెరడు చేతులు మారింది. డబ్బా అడుగున మిగిలిన గింజలన్నీ అమ్మ ఒకేసారి నాటేసింది. ఈసారీ కాయ నిలవకపోతే అమ్మమ్మ గుమ్మడి అక్కడితో సరి. రాలిన ప్రతి పిందెనూ అమ్మ అరచేతిలోకి తీసుకుని చూసేది.

నాది అప్పుడు ఎనిమిదో తరగతి. మా తెలుగు బళ్ళో సైన్సు టీచరు గుమ్మడి పువ్వులు తెమ్మన్నారు. ఒక గొడ్డు పువ్వు, రాలిపోయిన పిందె పువ్వు ఒకటి తీసుకెళ్ళాను. టీచరు రేకలు ఒలిచి చూపించారు. పిందె లేనిది మగ పువ్వట, లోపలి కేసరం నిండా పుప్పొడి. పిందె ఉన్నది ఆడ పువ్వు, ఆ పిందే అండాశయం. తేనెటీగ కాళ్ళకి అంటుకున్న పుప్పొడి ఆడ పువ్వు కీలాగ్రం మీద పడితేనే అది కాయవుతుంది... లేకపోతే రాలిపోతుంది. 'పరాగ సంపర్కం' అని బోర్డు మీద రాశారు. అందరూ రాసుకుంటున్నారు. నా కళ్ళముందు మా అమ్మ బుట్ట కదిలింది.

ఇంటికి పరిగెత్తుకెళ్ళి చెప్పాను.

"పువ్వుల్లో ఆడా మగా ఏటే? బళ్ళో ఇయ్యేనా సెప్తన్నారు?" అని మొదట నవ్వింది అమ్మ. నేను మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. వింటూ వింటూ అరుగు మీదున్న బుట్టకేసి చూసింది.

"అయితే ఇన్నేళ్ళూ నా సేత్తో నానే తుంచీసినానా..." అంది. ఆ ముఖం చూసి, ఎందుకు చెప్పానా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే మాషీ పువ్వులకోసం రానే వచ్చింది. లేవంటే ఏమనుకుంటుందోనని అమ్మకి మొహమాటం. పరాగ సంపర్కాన్ని బెంగాలీలో ఏమంటారో మా ఇద్దరికీ తెలియదు. అమ్మ పువ్వులకేసి చూపిస్తూ, "బర్ నా థాక్‌లే బౌ కీ కొర్‌బే, దీదీ?" అంది. పెళ్ళికొడుకే లేకపోతే పెళ్ళికూతురేం చేస్తుంది అని. మాషీ కాస్త తెల్లబోయింది. అర్థమయ్యాక కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"తాహోలే బియే దావ్" అంది. అయితే పెళ్ళి చేసేయండి అని.

నేను ఒక మగ పువ్వు తుంచి, రేకలు ఒలిచి, దాని కేసరాన్ని విచ్చుకున్న ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాశాను. వేళ్ళన్నీ పసుపు. సరిగ్గా అప్పుడే మాషీ నాలుక ఆడిస్తూ 'ఉలూ ఉలూ' అని మోత మొదలుపెట్టింది... బెంగాలీ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు చేసే మంగళధ్వని అది. సైకిలెక్కబోతున్న నాన్న, ఎవరింట్లో పెళ్ళి అని వెనక్కి వచ్చి చూశాడు. అమ్మమ్మ పోయాక అమ్మ అంతలా నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ పిందె రాలలేదు. అమ్మ రేకుల మీద దానికింద చుట్టకుదురు పెట్టింది. మెడ సాగింది... బూడిదరంగు మచ్చలు వచ్చాయి. కోసినరోజు కత్తిపీట ముందు కూర్చుని దాని మెడ నిమిరింది.

"మా యమ్మ వొచ్చినట్టుంది" అని ఏడ్చింది.

సగం కాయ మాషీకి వెళ్ళింది. గింజలు కడిగి, బూడిద పట్టించి, చేటలో ఎండబెట్టి... ఈసారి డబ్బాలో దాచిపెట్టలేదు అమ్మ. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మా క్వార్టర్ల లైనంతా పంచింది.

నాన్న రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి వచ్చేశాం. రైల్వే వాళ్ళకి ఇల్లు ఉద్యోగం ఉన్నంతవరకే కదా... మాతో తెచ్చుకున్న గింజలు కొత్తచోట కొన్నాళ్ళు మొలిచాయి, తర్వాత మొలవలేదు. అమ్మా లేదిప్పుడు. గుమ్మడికాయని ముక్కలుగా కోసి ప్లాస్టిక్ కాగితం చుట్టి అమ్ముతున్నారు, గింజలు ముందే తీసేసి. మా మనవరాలు పరాగ సంపర్కం గురించి ఫోన్లో బొమ్మలు చూసి గడగడా అప్పచెబుతుంది. దాని వేళ్ళకి ఆ పసుపు ఒక్కసారైనా అంటితే బాగుండుననిపిస్తుంది నాకు.

ఇది చదివేవాళ్ళలో ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్, ట్రాఫిక్ పేటల వైపు వాళ్ళెవరైనా ఉన్నారా... ఏ క్వార్టరు రేకుల మీదైనా కూజాలాంటి మెడతో, బూడిద మచ్చలతో గుమ్మడికాయ కనిపిస్తే ఒక్క ఫొటో పెట్టండి. నాకు కాయ అక్కర్లేదు... మా అమ్మమ్మ ఇంకా కాస్తోందని తెలిస్తే చాలు.